చీము మేడమ్

ప్రొద్దుటూరులో ఒక పెళ్ళి భోజనాల దగ్గర నా పక్కన కూర్చున్నతను పప్పన్నం కలుపుకుంటూ, "చీము మేడమ్ పోయిందంట సార్, తెల్సునా?" అన్నాడు. ఒకప్పుడు కర్నూలులో మా సర్జరీ వార్డులో కట్లు కట్టిన మనిషి అతను. ఎదురు వరసలోని పెద్దాయన ఆ మాట విని, ముద్ద చేతిలోనే ఉంచుకొని మా ఇద్దరి వంకా అసహ్యంగా చూశాడు. ఎప్పుడని అడిగాను. వారం పైనే అయిందని, రాజంపేటలో అన్నగారింట్లో ఉండగా గుండె ఆగిపోయిందని చెప్పాడు. ఆ తర్వాత వడ్డించినవేవీ నాకు గుర్తు లేవు. చెయ్యి కడుక్కొని బయటికొచ్చి, షామియానా వెనక ఎండలో చాలాసేపు అటూ ఇటూ తిరిగాను.

ఆ పేరు వార్డు పెట్టింది. రెండువేల సంవత్సరం దాటిన తొలినాళ్ళలో నేను అక్కడ సర్జరీలో కొత్తగా చేరాను. ఆమె అప్పటికే చాలా ఏళ్ళుగా బయోకెమిస్ట్రీ పాఠాలు చెబుతూ ఉంది. పాఠాలు చెప్పే మనిషికి వార్డులో ఏం పని అని మొదట నాకూ అనిపించింది. పొద్దున కట్లు విప్పే వేళకు సరిగ్గా దిగేది. చేతిలో ఐసు వేసిన ప్లాస్టిక్ డబ్బా, అందులో చిన్న చిన్న గొట్టాలు. గుమ్మంలోనే ఆగి కుడిచేతి గాజులు తీసి ఎడమచేతికి ఎక్కించుకొనేది, కుచ్చిళ్ళు కొంచెం ఎత్తి పిన్ను పెట్టుకొనేది, ఇక చుట్టూ ఎవరున్నదీ చూడకుండా చక్కెర జబ్బుతో కాలు పుండుపడినవాళ్ళ మంచాల వైపు నడిచేది. మేము ముక్కుకు గుడ్డ కట్టుకొనే చోట ఆమె జానెడు దూరంలో ముఖం పెట్టి చూసేది, నగల అంగట్లో గాజు కింద ఉన్న సొమ్మును చూసినట్టు. "ఎప్పట్నుంచి కారుతాంది?" అని అడిగేది. తెల్లటి కాగితపు పట్టీ ఒకటి పుండు మీద ఆనించి, అది తడిసేదాకా కదలకుండా నిలబడేది.

డాక్టరమ్మా అని పిలిస్తే ఒప్పుకొనేది కాదు. తాను పాఠాలు చెప్పే డాక్టరునే తప్ప మందులిచ్చే డాక్టరును కాదని ప్రతి మంచం దగ్గరా చెప్పేది. రోగులకు ఆ తేడా పట్టేది కాదు. తెల్లకోటు వేసుకొని పుండును అంత శ్రద్ధగా చూసే మనిషి డాక్టరు కాకపోతే ఇంకెవరని వాళ్ళ లెక్క.

కాగితం తడిసే ఆ కాసేపు తప్ప ఆమె కుదురుగా ఉండగా నేను చూడలేదు. టీ నిలబడే తాగేది. లాబులో ప్రోటీన్లను విడదీసే జెల్ పరీక్ష నడుస్తున్నంతసేపూ కిటికీ నుంచి ఫ్రిజ్ దాకా, ఫ్రిజ్ నుంచి కిటికీ దాకా తిరుగుతూ, చేతికందిన కాగితాన్ని సన్నటి పీలికలుగా చించేది. ఒకసారి అట్లా తిరుగుతూ ఎవరిదో జవాబుపత్రం సగం చించేసిందని, ఆ పాపానికి వాణ్ణి పాస్ చేయించిందని పిల్లలు చెప్పుకొనేవాళ్ళు. మాట కూడా అంతే. ఒక వాక్యం పూర్తికాక ముందే రెండోది అందుకొనేది. మనం జవాబు చెప్పేలోపు తానే చెప్పి, అది తప్పని తానే తేల్చి, ఇంకో ప్రశ్న వేసేది.

వేసవిలో కరెంటు పోయిందంటే ఆమె ప్రాణం మీదికొచ్చేది. ఫ్రిజ్‌లోని గొట్టాలు వేడెక్కితే వాటిలో ఉన్నదంతా పాడవుతుంది. స్కూటర్ వేసుకొని పాత బస్టాండు పక్కనున్న ఐసు అంగడికి పోయి, గోనెసంచిలో చుట్టిన గడ్డను కాళ్ళ దగ్గర పెట్టుకొని వచ్చేది. కర్నూలు ఎండకు అది దారిపొడవునా కారేది. చీర అంచులు తడిసి, సంచిని రెండు చేతులా పట్టుకొని మెట్లెక్కుతుంటే వరండాలో జనం పక్కకు జరిగేవాళ్ళు. ఐసు అంగడి సాయిబు ఆమెకు చెరుకురసం బండ్లున్నాయని చాన్నాళ్ళు నమ్మాడట. ఆమె కాదని చెప్పలేదు. చెబితే ఆ ఐసు ఎందుకో కూడా చెప్పాలి, అది విన్నాక అతను అమ్ముతాడో లేదోనని భయం.

నేను ఏదో రిపోర్టు అడగడానికి లాబుకు పోయినప్పుడు మొదటిసారి ఆమె పనిని దగ్గరగా చూశాను. పళ్ళెంలో పలుచటి జెల్ పలక ఒకటి ఉంది. మొత్తం ముదురు నీలం, దాని మీద అడ్డంగా అక్కడక్కడ తెల్ల గీతలు.

"నీలం ఉన్నచోట జెలటిన్ ఉండాది డాక్టరూ. తెల్లగా ఉన్నచోట ఎంజైమ్ తినేసింది. ఈ గీత ఎవరిదనుకున్యావు? నీ వార్డులో కిటికీ పక్క మంచం."

తర్వాత చాలాసేపు చెప్పింది. మన కండను, చర్మాన్ని ఒకటిగా పట్టి ఉంచే అల్లికను కోసే ఎంజైములు పుండులో ఉంటాయి. ఒక్కో ఎంజైమ్ తన నడిమధ్యలో ఒక జింకు అణువును పట్టుకొని ఉంటుంది, అది లేకపోతే కోయలేదు. అదే చీములో, తెల్లకణాల్లో, కాల్‌ప్రొటెక్టిన్ అని ఇంకో ప్రోటీన్ ఉంటుంది. దానికి జింకు కనబడితే చాలు, పట్టేసుకుంటుంది. అది దండిగా ఉన్నచోట ఎంజైముకు జింకు మిగలదు. ఎంజైమ్ ఉంటుంది, పదును ఉండదు. ఇది తాను కనిపెట్టింది కాదని, బయటిదేశాల్లో చెప్పి ఉన్నారని, అయితే మనవాళ్ళ కాళ్ళలో ఏం జరుగుతోందో ఎవరూ చూడలేదని అంది. ఏడాది పొడవునా చెప్పుల్లేకుండా మెట్టచేలల్లో తిరిగే కాళ్ళు, నెలల తరబడి ఆకుపసర్లు కట్టుకొని చివరికి మా దగ్గరికొచ్చే కాళ్ళు. వాటిలో ఆ రెండింటి మధ్య ఏం నడుస్తోందో తెలుసుకోవాలని ఆమె ఆరాటం.

అయితే ఆ ఎంజైములను మొత్తంగా కట్టేస్తే పోదా అన్నాను.

"అట్లనగాకు. తినేటోళ్ళు లేకుంటే చచ్చిన కండ ఎవరు తీయాల? కొత్త కండకు దోవ ఎవరియ్యాల? ఎంత తినాల, యాడ ఆపాల, అదీ కత." కిటికీ దాకా పోయి వెనక్కి తిరిగింది. "నువ్వూ ఆ జాతే గదా. కోసేటోడివి. నిన్ను ఆపేదెవరో సూసుకో."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు, అప్పటికే ఇంకేదో ఆలోచిస్తోంది.

ఆ ఎండాకాలమే సుంకన్న మా వార్డుకొచ్చాడు. కోడుమూరు దగ్గరి పల్లెలో మెట్టసేద్యం చేసుకొనే మనిషి, యాభై దాటినవాడు. కంది కోసిన చేలో మోడు గుచ్చుకొని అరికాలు చీరుకుపోయింది. నొప్పి లేదు కదా అని పట్టించుకోలేదు. చక్కెర జబ్బు ముదిరి కాళ్ళకు స్పర్శ పోయినందువల్లే నొప్పి లేదని అతనికి తెలియదు. మా దగ్గరికి వచ్చేనాటికి వేళ్ళు నల్లబడ్డాయి, పుండులో ఎముక తగులుతోంది. వెంట భార్య ఈరమ్మ ఉండేది. ఎక్కువ మాట్లాడని మనిషి. మంచం కింద కూర్చొని, ఈగలు వాలకుండా రోజంతా విసురుతూ ఉండేది. మోకాలి కింద తీయాల్సి వస్తుందని నేను చెప్పాను. ఆలోచించుకుంటామన్నారు.

మేడమ్‌కు సుంకన్న అంటే ఇష్టం. అతని పుండునుంచి తీసిన కాగితాల్లో గీతలు చాలా స్పష్టంగా వచ్చేవని ఒక కారణం. రెండోది, ఆమె ఏం చేస్తోందని అతను అడిగేవాడు. మిగతావాళ్ళు అడిగేవాళ్ళు కాదు.

ఒక రోజు పొద్దున ఆమె వార్డులోకి దాదాపు పరుగెత్తుకొచ్చింది. కోటు ముందంతా తడి. గాజు పలక మీద నీలం జెల్ ముక్కలు పక్కపక్కన పరిచి, రెండు చేతులతో పట్టుకొని ఉంది. నాకు చూపించింది. మొదటి ముక్కలో తెల్ల గీత ఉంది. ఆ ప్రోటీన్ కలిపిన రెండో ముక్కలో గీత మాయమైంది. దానికే మళ్ళీ జింకు కలిపితే గీత తిరిగొచ్చింది. అంటే ఆపింది జింకును లాక్కోవడమే. ఇంకేదీ కాదు. ఆమె ముఖం వెలిగిపోతోంది. నేను బాగుందని చెప్పేలోపే సుంకన్న మంచం దగ్గరికి పోయి, గాజు పలకను వెలుతురుకు ఎత్తి పట్టుకొంది.

"సుంకన్నా, ఇది నీ కాలే. నిన్ను తినేదాన్ని కట్టేసే ప్రోటీన్ ఉండాదప్పా. కట్టేస్తే ఆగిపాయ. సూడు, గీత పోయింది."

సుంకన్న లేచి కూర్చొని చూశాడు. ఈరమ్మను పిలిచి చూడమన్నాడు. నేను పక్క మంచం దగ్గర కట్టు విప్పుతున్నాను. నాకు ఆ మాట వినబడింది. అందులో ప్రమాదం ఉందని ఆ క్షణంలో నాకూ తోచలేదు.

మర్నాడు పొద్దునకు ఆ మంచం ఖాళీ. కట్లు కట్టే అతన్ని అడిగితే, ఎవరికీ చెప్పకుండా తెల్లారే వెళ్ళిపోయారన్నాడు. మేడమ్ మందు కనిపెట్టిందంట, అది చేతికొచ్చేదాకా కాలు తీయించుకోకూడదంట అని పక్క మంచంవాళ్ళకు చెప్పి పోయారట. అప్పటికి ఆ మాట వార్డంతా పాకింది. కాలు తీయాల్సిన ఇంకో ముసలాయన నన్ను పిలిచి, ఆ మందేదో తనకూ రాయమన్నాడు.

నేను కోపంగా మెట్లెక్కి లాబుకు పోయాను. ఆమె గొట్టాల మీద గుర్తులు రాస్తోంది. చెప్పాను. రాస్తున్న చెయ్యి ఆగింది.

"నేనట్లనలేదే" అంది. కాసేపటికి, "అన్యాను" అంది.

ఆ తర్వాత ఆమె తిరగడం మొదలుపెట్టింది. నేనింకా తిట్టాలని వచ్చినవాణ్ణి, చూస్తూ నిలబడిపోయాను. ఎంత టైముందని అడిగింది. విషం రక్తంలోకి పాకితే రోజుల మాట అని చెప్పాను. ఫ్రిజ్ దాకా పోయి వచ్చి మళ్ళీ అదే అడిగింది. అతని ఊరేదని అడిగింది. కేసు కాగితాల్లో ఊరి పేరు చూసి, మర్నాడు ఆదివారం ఇద్దరం బస్సెక్కాం.

కోడుమూరులో దిగి, ఆ ఊరికి పోయే ఆటో దొరికేసరికి ఎండ నెత్తికెక్కింది. దారికి రెండు పక్కలా దున్ని వదిలేసిన నల్లరేగడి చేలు నెర్రెలిచ్చి ఉన్నాయి. ఆమె దారంతా చేతిసంచి గుండీ తీస్తూ వేస్తూ, తాను ఏమనాలో వల్లించుకుంటూ ఉంది. ప్రతిసారీ మొదటి మాట మార్చేది.

సుంకన్న అరుగు మీద నులకమంచంలో పడుకొని ఉన్నాడు. కాలికి ఏదో ఆకు నూరి కట్టారు. వాసన వీధిలోకే వచ్చింది. ఒళ్ళు కాలిపోతోందని తాకకముందే ముఖం చూసి తెలిసింది. మమ్మల్ని చూడగానే అతను లేవబోయాడు. ఈరమ్మ కూచోమ్మా అని పీట వేసింది. కూర్చుంటే చెప్పలేనమ్మా అని మేడమ్ నిలబడే ఉంది.

"తెస్తివా మందు?" అన్నాడు సుంకన్న.

"లేదప్పా. మందు లేదు."

"మొన్న సూపిస్తివి గదా. గీత పోయిందంటివి."

"పోయింది. నా లాబులో, పళ్ళెంలో. నీ కాల్లో పోలేదు. పళ్ళెంలో పోయిందాన్ని కాల్లో పోగొట్టేది ఎట్లనో నాకు తెలీదు. ఎవురికీ తెలీదు."

"ఎన్నాళ్ళకు తెలుచ్చాది?"

"నా బతుకులో తెలీకపోవచ్చు."

అతను కాసేపు పైకప్పు దూలాల వైపు చూశాడు. తర్వాత మెల్లగా అడిగాడు.

"అయితే నాకేల సూపిస్తివి?"

ఆమె జవాబు కోసం వెతుక్కోలేదు. "సంతోషం పట్టలేక సూపిచ్చినా. నీకేం పనికొచ్చాదో, ఏం పనికిరాదో చెప్పకుండా సూపిచ్చినా. తప్పు నాది. కాలు తీయించుకో సుంకన్నా. ఈ సారు చెప్పిందే నిజం."

అతను తల అడ్డంగా ఊపాడు. కోపగించుకొని ఉంటే బాగుండేది. చాలా మర్యాదగా, ఇంత ఎండలో వచ్చినారు, మజ్జిగ తాగి పోండి అన్నాడు. ఒంటికాలితో ఎద్దుల వెనక గుంటక తోలేది ఎట్ల, చేను ఎవరు చూస్తారు అన్నాడు. ఆకుపసరుతో వేడి తగ్గిందని కూడా అన్నాడు. నేను సర్జన్ల ధోరణిలో చెప్పాల్సిందంతా చెప్పాను, ఇవాళైతే మోకాలి కింద సరిపోతుంది, ఆలస్యమైతే తొడ దాకా పోవాలి, ఆ తర్వాత చెప్పలేను. అతను కళ్ళు మూసుకొన్నాడు.

మేము రోడ్డు మీదికి వచ్చి నిలబడ్డాం. కోడుమూరు వైపు పోయే ఆటో ఒకటి వచ్చి ఆగింది. నేను ఎక్కి కూర్చున్నాను. ఆమె ఎక్కలేదు. ఆటో కడ్డీ పట్టుకొని ఊరి వైపు చూస్తూ ఉంది. డ్రైవరు రెండుసార్లు పిలిచాడు. ఆమె కడ్డీ వదిలేసి, నాతో ఏమీ అనకుండా, వచ్చిన దారినే గబగబా నడవడం మొదలుపెట్టింది. నేను దిగి వెనకాలే పోయాను.

రెండోసారి ఆమె వల్లించుకొన్నదేదీ చెప్పలేదు. మంచం పక్కన నిలబడి ఉంది, అంతే. సుంకన్నే కళ్ళు తెరిచి చూశాడు. వీళ్ళు ఇంకా పోలేదా అన్నట్టు చూసి, అడిగాడు.

"నీ కాలైతే ఏం జేస్తాంటివి?"

"ఏడ్చేదాన్ని. ఏడ్చి, ఈ పొద్దే తీయించుకొనేదాన్ని."

అప్పటిదాకా గడప దగ్గర కూర్చొని ఉన్న ఈరమ్మ నా వైపు తిరిగింది. మనిషి ఉంటాడా అని అడిగింది. కాలు తీస్తే ఉంటాడనే అనుకుంటున్నానని చెప్పాను. అంతకుమించి చెప్పడానికి నాకూ ధైర్యం లేదు. ఆమె లేచి వీధిలోకి పోయింది. తిరిగి వచ్చేటప్పుడు వెంట ఒక సామాన్ల ఆటో వచ్చింది. అందులో వరిగడ్డి పరిచి ఉంది. మొగుడి పంచె, గ్లాసు, దుప్పటి మూటగట్టి ఆటోలో వేసి, మంచం దగ్గరికి వచ్చింది.

"గుంటక నేను తోల్తా. లెయ్."

 సుంకన్న రెండు చేతులు ఆమె మెడ చుట్టూ వేశాడు.

ఆటోలో అతని తల ఈరమ్మ ఒళ్ళో ఉంది. మేడమ్ కాళ్ళ వైపు, వెనక చెక్కకు ఆనుకొని కూర్చొని, గతుకులకు ఆ కాలు కొట్టుకోకుండా కర్నూలు దాకా పట్టుకొని వచ్చింది.

ఆ సాయంత్రమే ఆపరేషన్ పెట్టాం. థియేటర్ తలుపు దగ్గర స్ట్రెచర్ ఆగినప్పుడు ఆమె వచ్చింది. ఇంటికి పోయి స్నానం చేయమని పంపితే పోలేదు. చీరకు గడ్డిపరకలు అంటుకొనే ఉన్నాయి. ఏదో అడగాలని వచ్చి అడగలేక నిలబడింది. ఇంతకుముందైతే తీసేసిన కాలునుంచి ఒక ముక్క లాబుకు పంపమని మాకు చీటీ రాసి పంపేది, మేమే రోగితో సంతకం పెట్టించుకొనేవాళ్ళం. ఈసారి అట్లా చీటీ పంపడానికి ఆమెకు మనసొప్పలేదు. అది కావాలని ఆమెకుంది. కావాలనుకొంటున్నందుకు సిగ్గుగానూ ఉంది. రెండూ ముఖంలో కనబడుతున్నాయి. చివరికి వంగి సుంకన్ననే అడిగింది, తీసిన కాల్లోంచి ఒక ముక్క తనకిస్తావా అని. దాంతో నీకు ఏ మేలూ ఉండదని కూడా చెప్పింది.

సుంకన్నకు జ్వరం తీవ్రంగా ఉంది. అయినా స్పష్టంగానే మాట్లాడాడు.

"తీస్కోమ్మా. ఈ తూరి ఏం కనపడ్న్యా, అయ్యేదీ చెప్పు, కానిదీ చెప్పు."

సుంకన్న బతికాడు. మోకాలు మిగిలింది. వానలు మొదలయ్యే నాటికి చంకకర్రలతో ఊరికి పోయాడు.

ఆ తర్వాత మేడమ్ వార్డుకు రావడం మానలేదు. అదే డబ్బా, అవే గాజులు మార్చుకోవడం. అయితే కాగితం పట్టీ బయటికి తీసే ముందు ప్రతి మంచం దగ్గరా నిలబడి ఒక మాట చెప్పడం మొదలుపెట్టింది. ఇది ఇస్తే నీ కాలు బాగుపడదు, నీకేమీ ఒరగదు, ఎప్పుడో ఎవరికో పనికొస్తే రావచ్చు, రాకపోనూవచ్చు, ఇస్తావా అని. ఇంత కటువుగా అడిగితే ఎవరిస్తారు? చాలామంది ముఖం తిప్పుకొనేవాళ్ళు. కొందరు తిట్టారు. ఒకాయన, అయితే ఈడికేల వస్తాండావు అని దుప్పటి కప్పుకొన్నాడు. ఆమె సరేనప్పా అని పక్క మంచానికి పోయేది. ఒక్కోరోజు ఖాళీ డబ్బాతోనే పైకి పోయేది, ఐసు కరిగి కారుతూ. పని నత్తనడక అయింది. కొంచెం మెత్తగా చెప్పమని పై అధికారి అన్నాడు. నేనూ అన్నాను. మెత్తగా చెప్పే కదా సుంకన్నను ఊరికి పంపింది అని ఒక్క మాట అని, మళ్ళీ తిరగడంలో పడింది.

సుంకన్న కాలి ముక్కతో ఆమె చేసిన పని ఆ చలికాలానికి తేలింది. ముక్కను పైపొర, లోపలి పొర అని విడగొట్టి చూసింది. ఈసారి పరుగెత్తుకొని రాలేదు. నన్నే లాబుకు పిలిచింది. చీము పట్టిన పైపొరలో ఆ జింకును లాక్కొనే ప్రోటీన్ దండిగా ఉంది, అక్కడ గీత మసకగా ఉంది. లోపల, నరాల పక్కన, బతికిన కండ అంచున ఆ ప్రోటీన్ దాదాపు లేదు. అక్కడ తెల్ల గీత చాకుతో గీసినట్టు ఉంది. పైన అంత కాపలా ఉన్నా, లోలోపల కోత సాగుతూనే పోయింది. ఇది ఒక్క కాలు, ఒక్క కాలుతో ఏమీ చెప్పకూడదు అని నా కంటే తనకే చెప్పుకొంది. తర్వాత వచ్చిన ఇంకొన్ని కాళ్ళలోనూ కొంచెం అటూఇటుగా అదే కనబడిందని మరుసటి ఏడు చెప్పింది. పళ్ళెంలో తాను చూసిన అందమైన లెక్క కాల్లో ఎందుకు నడవదో ఆ లోపలి గీత చెబుతోంది. మందు అనేది తాననుకొన్నదానికంటే ఇంకా చాలా దూరంలో ఉందని కూడా చెబుతోంది. ఆమెకు సంతోషమా దిగులా నాకు తెలియలేదు. పీలికలు చించుతూ తిరుగుతోంది.

"పోయి చెప్పాల" అంది.

ఈసారి మేము పోయేసరికి సుంకన్న కళ్ళం దగ్గర గోనెపట్టా మీద కూర్చొని వేరుశనగ చెట్లనుంచి కాయలు తెంపుతున్నాడు. మిగిలిన మోకాలు మడిచి, చంకకర్రలు పక్కన పెట్టుకొన్నాడు. మనిషి కొంచెం ఒళ్ళు చేశాడు. దూరంగా చేలో ఈరమ్మ ఎద్దులను తోలుతోంది, కొంగు నడుముకు చుట్టి.

మేడమ్ ఎండలో నిలబడి చెప్పింది. ఏది ఉందో, ఏది లేదో, ఎక్కడ ఆగిందో, ఎక్కడ ఆగలేదో. అర్థం కాదని దేన్నీ వదిలిపెట్టలేదు, చదువురాని మనిషని దేన్నీ తీపి చేయలేదు. అతను కాయలు తెంపుతూనే విన్నాడు. మధ్యలో ఒకచోట, పైపైనే ఉండె, లోపలికి పోలేదు, అంతే గదా అని అడిగాడు. అంతేనంది.

"అయితే ఆ పొద్దు కాలు తీసింది సరిపాయ."

"సరిపాయ సుంకన్నా."

అతను తలవంచి కాసేపు కాయలు తెంపాడు. ఆ ఆరు నెలలూ అతను ఆ సంగతి ఎన్నిసార్లు తిరగేసి ఉంటాడో అప్పుడు నాకు తట్టింది. మందు రాకముందే తొందరపడి కాలు పోగొట్టుకొన్నానేమో అన్న అనుమానం ఎవరితోనూ అనకుండా మోస్తూ ఉండి ఉంటాడు. అతని భుజాలు కొంచెం కిందికి దిగాయి.

"మరి లోపలికేల పోలేదు అది?" అన్నాడు.

"తెలీదప్పా."

"తెలిస్తే వచ్చి చెప్పు. తెలీకున్యా రా, బుడ్డలు తీస్కపోదువు."

బుడ్డలంటే వాళ్ళకు వేరుశనగ కాయలే; ఒక సంచి నిండా పచ్చివి పోయించాడు. బస్సులో దాన్ని ఒళ్ళో పెట్టుకొని, అది లోపలికెందుకు పోలేదంటావు డాక్టరూ అని కర్నూలు వచ్చేదాకా ఆమె నన్ను అడుగుతూనే ఉంది. కణాలు అక్కడిదాకా పోవేమో అన్నాను. పోతాయి, చూశానంది. పోయినా ఆ ప్రోటీన్ వదలవేమో అన్నాను. అదే అయితే ఎందుకు వదలవంది.

రెండేళ్ళకు నాకు కడపకు బదిలీ అయింది. ఆమెను తర్వాత చూసింది తక్కువ, ఫోన్లలో విన్నది ఎక్కువ. ఎప్పుడు చేసినా, ఎట్లుండావు అని కూడా అనకుండా నేరుగా ఏదో ప్రశ్నలోకి దిగేది. ఆమె వ్యాసం ఒకటి అచ్చయింది. అందులో లోపలి పొర సంగతి దాచకుండా రాసింది. దానివల్ల పెద్ద పేరు రాలేదు. ప్రతి ఏడూ బుడ్డలు తెంపే కాలంలో మాత్రం ఒక ఫోన్ తప్పకుండా వచ్చేది. సుంకన్న ఊరికి పోయి వచ్చానని చెప్పడానికి.

ఒక ఏడు నేనే అడిగాను, ఈసారి ఏం చెప్పి వచ్చినారు మేడమ్ అని.

"ఏముండాది చెప్పేకి. ఇంకా తెలీలేదని చెప్పి వచ్చినా."

ఏమన్నాడని అడిగాను.

"కానీలేమ్మా, వచ్చే ఏడు చెబుదువులే అన్యాడు."